నియమము, వికల్పము: స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ నిర్మాణమున డెబియన్ అనుభవము

1. ప్రస్తావన

వ్యాకరణము చదివినవారికి నియమములన్నియు నొకే బలము కలవి కావని తెలియును. ఉకారసంధి నిత్యము. ‘రాముడు’, ‘అతడు’ అను రెండును కలిసినచో ‘రాముడతడు’ అనియే యగును గాని మరియొక రూపము లేదు. ‘ఏమి’, ‘అంటివి’ అనునవి కలిసినచో ‘ఏమంటివి’ అనియు, ‘ఏమియంటివి’ అనియు రెండు రూపములును సాధువులే, ఇది వైకల్పికము. అకారసంధి బహుళము. ‘మేనల్లుడు’ అనుచోట సంధి కలిగినది. ‘అమ్మ యిచ్చెను’ అనుచోట కలుగలేదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమున నీ తరగతులను స్పష్టముగా వేరుపరచి చూపెను. ఇట్లు వేరుపరచుటకు కారణము లేకపోలేదు. భాషను మాట్లాడువారును, వ్రాయువారును వ్యాకర్తకు సేవకులు కారు. వారికి జీతమిచ్చువాడు గాని, దండన విధించువాడు గాని లేడు. ఐనను భాషకు నిలుకడ యుండవలయును. ఈ రెంటికిని పొందిక కుదుర్చుటకై వ్యాకర్త నియమమును విడువలేదు; నియమముల బలాబలములను నిర్ణయించెను.

ఇట్టి సమస్యయే నేడు మరియొక రంగమున, మరియొక వేషమున గోచరించుచున్నది. జీతము గోరక, తమ తీరిక వేళలలో, వేర్వేరు దేశములందుండి కొందరు కలిసి కంప్యూటరు సాఫ్ట్‌వేర్‌ను నిర్మించుచున్నారు. వారు చేసిన దానిపై బడులును, గ్రంథాలయములును, పరిశోధనశాలలును, వ్యాపారసంస్థలును ఆధారపడియున్నవి. నియమములు కఠినములైనచో పనిచేయువారు విసిగి వెడలిపోవుదురు. వారిని నిలుపుటకు ఎవరికిని అధికారము లేదు. నియమములు సడలినచో తయారైన వస్తువు నమ్మదగినది కాకపోవును. ఈ రెండు గోతుల నడుమ నడచుట యెట్లు అనునదే ఈ వ్యాసమునందు విచారింపబడు విషయము.

ఇందుకు నిదర్శనముగా డెబియన్ అను స్వచ్ఛంద సంస్థను గ్రహించితిని. అది మూడు దశాబ్దములకు మించి నిలిచియున్నది. తన నియమములను వ్రాతపూర్వకముగా ప్రకటించినది. తగవులు వచ్చినపుడు జరిగిన ఓటింగుల ఫలితములను బహిరంగముగా భద్రపరచినది. తెలుగువారికి దానితో సంబంధము లేకపోలేదు. పోతన, వేమన అను పేర్లుగల తెలుగు ఫాంట్లు డెబియన్ భాండారమున చేరియున్నవి. వానిని స్థాపించుకొని తెలుగు చదువువాడు, తనకు తెలియకయే, ఈ వ్యాసమున వివరింపబోవు నియమముల ఫలమును అనుభవించుచున్నాడు.

2. డెబియన్ స్వరూపము

డెబియన్‌ను 1993 ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డాక్ ప్రారంభించెను. లినక్స్ అను కేంద్రభాగమును, దానితో పనిచేయు వేలకొలది ప్రోగ్రాములను ఒకచోట చేర్చి, అవి పరస్పరము కలహింపకుండ సరిచూచి, ఎవరైనను ఉచితముగా స్థాపించుకొనునట్లు అందించుట దాని పని. ఇట్లు చేర్చబడిన ప్రతి ప్రోగ్రామునకును ప్యాకేజీ యని పేరు. ఒక్కొక్క ప్యాకేజీకి ఒక నిర్వాహకుడో, ఒక చిన్న బృందమో ఉండును. 2023 జూన్ 10వ తేదీన వెలువడిన 12వ విడుదలయందు ప్యాకేజీల సంఖ్య 64 వేలకు మించినది. ఓటుహక్కు గల సభ్యులు వేయిమందికి అటునిటుగా ఉందురు.

ఈ సంఖ్యలను పరికించినచో చిక్కు బోధపడును. ఒకని ప్యాకేజీ వేరొకని ప్యాకేజీపై ఆధారపడును. అది మరియొకదానిపై ఆధారపడును. ఒకడు తన ఇష్టము వచ్చిన చోట ఫైళ్ళనుంచినచో పదిమంది పని చెడును. కావున నియమము లేక ఇట్టి నిర్మాణము ఒక దినమైనను నిలువజాలదు. ఐనను ఆ నియమమును అమలుపరచు అధికారికి జీతము తగ్గించుట, ఉద్యోగమునుండి తొలగించుట మొదలగు సాధనములు లేవు. సాధారణ సంస్థయందు ఆజ్ఞకు వెనుక నిలుచు బలము ఇచట లేదు.

3. పని చేయుమని నిర్బంధింపని శాసనము

1998 డిసెంబరులో డెబియన్ సభ్యులు తమకొక రాజ్యాంగమును ఆమోదించుకొనిరి. నాయకుని ఏటేట ఎన్నుకొను విధము, సాంకేతిక సమితి అధికారములు, సభ్యులందరి ఓటుచే తీర్మానము చేయు పద్ధతి మున్నగునవి అందు విధింపబడినవి. కాని అందులో మిక్కిలి గమనింపదగినది ఆరంభమున గల ఒక సామాన్యనియమము. ఈ రాజ్యాంగమునందలి ఏ మాటయు ఎవరిపైనను పనిచేయు బాధ్యతను మోపదనియు, అప్పగించిన పని ఇష్టము లేనివాడు చేయనక్కరలేదనియు, ఐతే న్యాయముగా చేయబడిన నిర్ణయములకు విరుద్ధముగా మాత్రము పనిచేయరాదనియు దాని తాత్పర్యము.

ఇది దౌర్బల్యమును ఒప్పుకొనుట వలె తోచవచ్చును. సూక్ష్మముగా చూచినచో ఇదియే మూలస్తంభము. స్వచ్ఛంద కార్యకర్త విషయమున చేయుమనుటకును, చేయవద్దనుటకును గల భేదమును ఈ నియమము గుర్తించినది. చేయుమని నిర్బంధించుట అసాధ్యము. అసాధ్యమైన దానిని శాసించినచో శాసనమే నవ్వులపాలగును. చెరుపవద్దని నిషేధించుట సాధ్యము. ఏలయన భాండారము తలుపులు సంఘము చేతిలో నున్నవి. అనగా నియమము మనుష్యునిపై కాక, ఆతడు ఇతరుల చేతికి అందించు వస్తువుపై ప్రవర్తించును. ఈ వ్యాసమునకు కీలకమైన విషయమిదియే: కాఠిన్యము వస్తువునందును, సడలింపు మనుష్యునియందును ఉంచుట.

ఈ సూత్రము ఎట్లు అమలగుచున్నదో ఒక ఉదాహరణము చూపును. ఒక ప్యాకేజీలో విడుదలకు అడ్డుపడునంతటి తీవ్రదోషము బయటపడినదనుకొందము. నిర్వాహకుడు దానిని సవరింపలేదు. ఆతనిని ఎవరును దండింపరు, సంజాయిషీ యడుగరు. ఆతని ఇంట జబ్బు చేసియుండవచ్చును, ఉద్యోగము మారియుండవచ్చును. కాని ఆ ప్యాకేజీ రాబోవు విడుదలనుండి తొలగింపబడును. 2013 నుండి ఈ తొలగింపు కొంత గడువు తరువాత తనంతట జరుగు ఏర్పాటు చేయబడినది. దానికిని ఒక మినహాయింపు కలదు. అనేక ప్యాకేజీలకు ఆధారమైన ముఖ్యమైన ప్యాకేజీని యంత్రము తొలగింపదు. దాని సంగతి మనుష్యులే ఆలోచింతురు. ఒక చిన్న ఆటను తొలగించుటయు, ఇంటి దూలమును తొలగించుటయు ఒకటి కాదు గదా.

4. నియమముల తరగతులు

డెబియన్ ప్యాకేజీలు ఎట్లుండవలయునో తెలుపు గ్రంథమునకు పాలసీ యని పేరు. అందలి విధులు ప్రధానముగా మూడు తరగతులు. మొదటిది తప్పనిసరి. దీనిని మీరిన ప్యాకేజీ విడుదలకు అర్హము కాదు. రెండవది ఉచితము, అనగా చేయదగినది. దీనిని మీరుట దోషమే యైనను, ఆ దోషమొక్కటియే ప్యాకేజీని బహిష్కరింపజాలదు. మూడవది ఐచ్ఛికము. చేసినను చేయకున్నను దోషము లేదు.

ఇంటర్నెట్ ప్రమాణములను రచించువారును ఇట్టి విభాగమునే పాటింతురు. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రచించిన 2119వ సంఖ్యగల పత్రము ఈ పదములకు అర్థములను నిర్ణయించినది. అందు రెండవ తరగతికి ఇచ్చిన వివరణము ఆలోచింపదగినది. ప్రత్యేక పరిస్థితులలో ఆ విధిని విడుచుటకు తగిన కారణము ఉండవచ్చునట. కాని విడుచుటకు ముందు దాని పర్యవసానమును పూర్తిగా గ్రహించి తూచుకొనవలయునట. అనగా ఈ తరగతిలో సడలింపు ఉన్నది గాని ఉపేక్ష లేదు. నియమమును విడుచువాడు ఆలోచనా భారమును వహించవలయును.

సంస్కృత వ్యాకరణమున దీనికి పోలిక కలదు. పాణిని తన సూత్రములలో వికల్పమును తెలుపుటకు వా, విభాషా, అన్యతరస్యామ్ అను పదములను వాడెను. సంప్రదాయము ఈ మూటిని సమానార్థకములుగనే గ్రహించినది. 1979లో పాల్ కిపార్స్కీ అను భాషాశాస్త్రజ్ఞుడు వేరొక వాదమును ప్రతిపాదించెను. వా యన్నచోట కార్యము జరుగుటయే మేలనియు, విభాషా యన్నచోట జరుగకుండుటయే మేలనియు, అన్యతరస్యామ్ అన్నచోట రెండును సమానమనియు ఆతని మతము. ఈ వాదమును అందరును అంగీకరింపలేదు. ఐనను వికల్పమునందు సైతము మెట్లుండవచ్చునను ఆలోచన మన విషయమునకు మిక్కిలి ఉపకరించును. నియమము లేదా స్వేచ్ఛ అని రెండే అరలున్నచో ప్రతి చిన్న విషయమును వివాదమగును. నడుమ మెట్టు ఉన్నచో చాలమట్టుకు వివాదములు అక్కడనే చల్లారును.

ఐతే బహుళమును, డెబియన్ పాలసీయందలి రెండవ తరగతిని ఒకటిగా భావింపరాదు. బహుళము అనునది ప్రయోగములను పరిశీలించి వ్యాకర్త చేసిన అంగీకారము. కొన్నిచోట్ల కార్యము కలుగును, కొన్నిచోట్ల కలుగదు, కొన్నిచోట్ల వికల్పించును, కొన్నిచోట్ల వేరొకటి యగును అని చెప్పుటయే గాని, ఇది మేలు అని చెప్పుట కాదు. డెబియన్ రెండవ తరగతి విధి ఇది మేలు అని చెప్పుచున్నది. ఒకటి వర్ణనము, మరియొకటి హితవు. కాని రెండింటికిని మూలము ప్రయోగము పట్ల గల వినయమే. పాలసీ గ్రంథమునందు క్రొత్త విధి చేరుటకు ముందు అది తరచుగా కొన్ని ప్యాకేజీలయందు ఆచరణలో పరీక్షింపబడియుండును. లక్ష్యము ముందు, లక్షణము వెనుక అను మన పూర్వుల మర్యాదయే ఇది.

5. పరుల ప్యాకేజీపై చేయి వేయుట

ఇంతవరకు నియమముల బలమును గూర్చి చెప్పితిమి. ఇక కాలమును గూర్చి చెప్పవలసియున్నది. సడలింపు అనునది కాలరూపమున గూడ ఉండవచ్చును.

డెబియన్‌లో నిర్వాహకునికి తన ప్యాకేజీపై చాల అధికారము కలదు. సాంకేతిక సమితి ఆతని నిర్ణయమును త్రోసిపుచ్చవలయునన్నచో సామాన్యమైన ఆధిక్యము చాలదు. ఒకటికి మూడు చొప్పున ఓట్లు కావలయును. ఇది స్వచ్ఛంద కార్యకర్తకు ఇచ్చిన గౌరవము. తన చేతిపనిపై తనకు మాట చెల్లనిచో ఎవడును ఉచితముగా పనిచేయడు. కాని నిర్వాహకుడు పలుకక, దోషము అట్లే నిలిచియున్నచో ఏమి చేయవలయును?

ఇందుకు ఏర్పరచిన పద్ధతి యిది. వేరొక సభ్యుడు ఆ దోషమును సవరించి క్రొత్త కూర్పును పంపవచ్చును. కాని అది వెంటనే భాండారమును చేరదు. కొన్ని దినములు నిరీక్షణావరుసలో నిలుచును. ఆ గడువులో నిర్వాహకుడు మేలుకొని తానే సవరింపవచ్చును, లేదా వలదని చెప్పవచ్చును. సాధారణమైన సవరణకు 10 దినములు. తీవ్రమైన, ముఖ్యమైన దోషములకు 5 దినములు. వారము దాటిన తీవ్రదోషమునకు 2 దినములు. ఆ వారముననే నిర్వాహకుని జాడ సైతము లేనిచో నిరీక్షణమే లేదు. ఇవి శాసనములు కావు, సభ్యుల మార్గదర్శక గ్రంథమునందలి సూచనలు. ఐనను వీనిలో న్యాయము ఎంత సున్నితముగా తూచబడినదో చూడుడు. వాడుకరికి కలుగు హాని పెరిగినకొలది నిర్వాహకుని మౌనమునకు ఇచ్చు గడువు తగ్గుచున్నది.

ఇంతేగాక, తన ప్యాకేజీని ఎవరు సవరించినను తనకు అభ్యంతరము లేదని ముందుగనే ప్రకటించిన నిర్వాహకుల జాబితా యొకటి కలదు. దానిలో చేరుమని ఎవరిని ఎవరును నిర్బంధింపరు. స్వాధికారమును తానే సడలించుకొనుట వేరు, ఇతరులు లాగుకొనుట వేరు. మొదటిదానివలన స్నేహము, రెండవదానివలన వైరము కలుగును.

6. వాగ్దానమునకు పరీక్ష

ఇప్పటికి చెప్పినవి చిన్న సంఘర్షణములు. సంఘమున కంతటికిని ప్రాణప్రాయమైన నియమమే ఇబ్బంది పెట్టినప్పుడు ఏమి జరిగినదో చూచుట అవసరము.

1997 జూలైలో డెబియన్ సభ్యులు ఒక సామాజిక ఒప్పందమును ప్రకటించిరి. అందు మొదటి వాగ్దానము, డెబియన్ నూటికి నూరుపాళ్ళు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా నిలుచుననుట. స్వేచ్ఛ యనగా వెల లేకుండుట మాత్రమే కాదు. మూలరూపము అందుబాటులో నుండవలయును, దానిని మార్చుటకును, పంచుటకును అనుమతి ఉండవలయును. అదే ఒప్పందమున మరియొక వాగ్దానము కూడ కలదు. వాడుకరుల మేలును, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తాము ముందుంచుకొందుమని. ఈ రెండును సాధారణముగా ఒకే దారిని నడచును. ఫర్మ్‌వేర్ దగ్గర మాత్రము అవి విడిపోయినవి.

వైఫై కార్డు మొదలగు అనేక పరికరములకు లోపల నడుచుటకై ఒక చిన్న ప్రోగ్రాము కావలయును. దానికి ఫర్మ్‌వేర్ అని పేరు. దానిని తయారుచేసిన కంపెనీలు తరచు యంత్రమునకు మాత్రమే తెలియు రూపమున దానిని ఇత్తురు, మూలరూపము నీయరు. అది లేనిచో పరికరము పనిచేయదు. నియమము ప్రకారము అట్టిది డెబియన్‌లో ఉండరాదు. అది లేనిచో క్రొత్త కంప్యూటరు కొన్న సామాన్యుడు డెబియన్‌ను స్థాపింపజాలడు. ఇచట నిలుపుకొనవలసినది మాట, పోగొట్టుకొనరానివాడు వాడుకరి.

2004 ఏప్రిల్ 26వ తేదీన సామాజిక ఒప్పందమునకు ఒక సవరణము ఆమోదింపబడినది. మాటలను చక్కదిద్దుటకు మాత్రమే ఉద్దేశింపబడినదని దాని శీర్షిక సూచించెను. అంతకుముందు సాఫ్ట్‌వేర్ అను పదము ఫర్మ్‌వేర్‌కును, సహాయ గ్రంథములకును వర్తించునా లేదా అను సందేహమునకు చోటుండెను. సవరణముతో ఆ సందేహము తీరి, ప్రతి అంగమునకును నియమము వర్తించెను. వెంటనే విడుదల బాధ్యత వహించువారు ఒక చిక్కును ముందుంచిరి. ఇంతవరకు చూచీచూడనట్లు విడిచిన వానిని ఇక విడువ వీలులేదు. అప్పటికే ఆలస్యమైయున్న సార్జ్ అను విడుదల ఇంకను వెనుకబడును. సార్జ్‌కు ముందటిదైన వూడీ 2002 జూలైలో వెలువడినది. వాడుకరులు రెండేండ్లనాటి ప్రోగ్రాములతో కాలక్షేపము చేయుచుండిరి.

అప్పుడు సభ్యులకు మూడు దారులు కనబడినవి. క్రొత్త మాటను రద్దు చేయుట, విడుదలను ఆపుట, మాటను నిలుపుచునే దాని ప్రవర్తనను వాయిదా వేయుట. వారు ఓటు వేసి మూడవ దారిని ఎన్నుకొనిరి. సార్జ్ వెలువడు పర్యంతము సవరణము నిలిపివేయబడినది. సార్జ్ 2005 జూన్ 6వ తేదీన విడుదలయ్యెను. ఈ సడలింపునకు మూడు లక్షణములు కలవు. నియమమును చేసిన సభయే దానిని సడలించినది. అందరి యెదుట సడలించినది. గడువు పెట్టి సడలించినది. ఒక అధికారి కన్నుమూసికొని విడిచినచో ఫలము అదియే యైనను, నియమము తేలిక యైయుండెడిది.

కాని కథ ఇంతతో ముగియలేదు. 2006లో ఎచ్ అను విడుదలకు ముందు కేంద్రభాగమునందలి ఫర్మ్‌వేర్ సమస్య మరల వచ్చినది. విడుదలను ఆపవద్దని సభ్యులు మరల తీర్మానించిరి. 2008 డిసెంబరులో లెన్నీ అను విడుదలకు ముందు మూడవసారి ఓటు జరిగినది. ఈ పర్యాయము ఏ ప్రతిపాదనకు ఎంత ఆధిక్యము కావలయును, వేర్వేరు విషయములను ఒకే ఓటుపత్రమున చేర్చుట న్యాయమా అను ప్రశ్నలపై తగవు ముదిరి, సంఘ కార్యదర్శి రాజీనామా చేసెను. ఒకే నియమమునకు ముమ్మారు మినహాయింపు కోరవలసివచ్చినదన్నచో, దోషము అడిగినవారియందు లేదు, నియమమునందున్నదని గ్రహింపవలసియుండెను.

తరువాత ఫర్మ్‌వేర్‌ను కేంద్రభాగమునుండి వేరుచేసి, స్వేచ్ఛలేని వస్తువులుండు ప్రత్యేక విభాగమున ఉంచిరి. అధికారిక స్థాపన ప్రతిలో అది లేదు. దానితో కూడిన అనధికారిక ప్రతి వేరొకచోట దొరకెడిది. తెలిసినవారు దానినే తెచ్చుకొనెడివారు, తెలియనివారు పనిచేయని కంప్యూటరును చూచుచు కూర్చుండెడివారు. ముందువాకిలి మూసి దొడ్డిదారి తెరచినట్లయ్యెను. నియమము కాగితమున నిర్మలముగనే యున్నది. దాని భారము మాత్రము అందరికంటె తక్కువ తెలిసినవానిపై పడినది. కఠిననియమమువలన కలుగు అన్యాయము తరచు ఇట్టిదే. దానిని చేసినవారు తప్పించుకొనగలరు, క్రొత్తవాడు తప్పించుకొనలేడు.

2022 అక్టోబరులో సభ్యులు మరల ఓటు వేసిరి. ఈసారి గడువుగల మినహాయింపును కోరలేదు. ఒప్పందమునే ఒకటికి మూడు చొప్పున ఆధిక్యముతో సవరించిరి. డెబియన్ నూటికి నూరుపాళ్ళు స్వేచ్ఛగలదను మొదటి వాగ్దానము చెక్కుచెదరలేదు. ఫర్మ్‌వేర్ డెబియన్‌లో భాగము కాదు. ఐనను అది కావలసిన పరికరములకై అధికారిక స్థాపన ప్రతిలో దానిని చేర్చవచ్చునని ఒక వాక్యము చేర్చబడినది. దానికై భాండారమున ప్రత్యేకమైన అర యొకటి ఏర్పడినది. వాడుకరికి ఆ సంగతి తెలుపుటకును, వలదన్నచో మానుటకును ఏర్పాటు విధింపబడినది. 2023 జూన్ 10నాటి విడుదల ఈ పద్ధతిని అనుసరించిన మొదటి విడుదల.

వ్యాకరణ పరిభాషలో చెప్పవలయునన్న, ఇది ఉత్సర్గమునకు అపవాదమును శాస్త్రమునందే పఠించుట. అపవాదము ఉత్సర్గమును చంపదు. దాని ఎల్లను నిర్ణయించి రక్షించును. శాస్త్రమున చేరని ప్రయోగము పెరిగినకొలది శాస్త్రము బలహీనపడును. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణమును రచించుట ఇట్టి ప్రయత్నమే. బాలవ్యాకరణమున సాధింపబడని అనేక రూపములు కవుల ప్రయోగములందుండుట చూచి, ఆయన వానికి లక్షణమును కూర్చెను. ఆ గ్రంథమునకే త్రిలింగ లక్షణశేషమను నామాంతరము కలదు. పూర్వశాస్త్రమును త్రోసివేయక, దాని శేషమును పూరించుటయే ఆయన మార్గము.

7. సడలింపునకు ఎల్ల

ఇంతవరకు చదివినవారు సడలింపే మేలని తలపవచ్చును. దానికి విరుద్ధమైన నిదర్శనము ఒకటి డెబియన్ చరిత్రయందే కలదు.

రహస్యమైన సందేశములను కాపాడు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను ప్రోగ్రామున 2006లో డెబియన్ వైపున ఒక చిన్న మార్పు జరిగినది. దోషములను వెదకు ఒక పరికరము ఇచ్చుచుండిన హెచ్చరికలను మాన్పుటయే దాని ఉద్దేశము. కాని తొలగింపబడిన పంక్తులు, ఊహింపరాని సంఖ్యలను పుట్టించు యంత్రాంగమునకు ఆధారమైనవి. ఫలితముగా, లెక్కింపనలవికానన్ని ఉండవలసిన తాళపుచెవులు, ఒక్కొక్క రకమునకు సుమారు 32 వేలకు పరిమితమైనవి. వానిని ముందుగనే తయారుచేసికొని ఒక్కొక్కటిగా పెట్టి చూచుట ఏ దొంగకైనను సాధ్యము. ఈ దోషము 2008 మే 13వ తేదీన ప్రకటింపబడినది. లోకమున అనేకచోట్ల తాళములను, చెవులను క్రొత్తగా చేయించుకొనవలసివచ్చెను.

మార్పు చేసినవారు దురుద్దేశము లేనివారు. అడుగకయు ఉండలేదు, మూలరచయితల చర్చావేదికలో ఆ పంక్తులను గూర్చి ముందుగా ప్రశ్నించియుండిరి. ఐనను తుదిమార్పును ఆ విషయము క్షుణ్ణముగా ఎరిగిన మరియొక కన్ను పరీక్షింపలేదు. ప్యాకేజీ రూపమునకు సంబంధించిన విధులలో దేనికిని లోపము కలుగలేదు. ఫైళ్ళు ఉండవలసిన చోటనే యున్నవి. నియమము రూపమును చూచినది, అర్థమును చూడలేదు. ఛందస్సు తప్పని పద్యమున అర్థము తప్పియుండవచ్చును గదా.

దీనినుండి నేర్వవలసినదేమి? ప్రతి మార్పునకును పదిమంది సంతకములు కావలయునని శాసించినచో, వేయిమంది స్వచ్ఛంద కార్యకర్తలు 64 వేల ప్యాకేజీలను నడుపజాలరు. అట్లని అన్నిటిని ఒకే త్రాసున తూచరాదు. తప్పు జరిగినచో దిద్దుకొన వీలుగలచోట విశ్వాసము చాలును. తప్పు జరిగినచో తిరిగి రానిది పోవుచోట పరీక్ష ఉండవలయును. ఆటయందలి బొమ్మ వంకరయైనచో రేపు దిద్దవచ్చును. బయటపడిన రహస్యమును మరల రహస్యము చేయుట ఎవరితరమును కాదు. కాన కాఠిన్యమును పంచునపుడు, ఎవరు చేసిరి అనునది కాక, చెడినచో ఏమగును అనునదే కొలబద్ద కావలయును.

8. ఉపసంహారము

పైన చర్చించిన విషయములనుండి నాలుగు నిర్ణయములు తేలుచున్నవి. మొదటిది, స్వచ్ఛంద కార్యమున నియమము వస్తువును బంధింపగలదు గాని మనుష్యుని బంధింపజాలదు. ఈ భేదమును మరచిన సంఘము నియమమునో, మనుష్యునో పోగొట్టుకొనును. రెండవది, నియమములకు తరగతులుండవలయును. అన్నియు నిత్యములైనచో ఏదియు నిత్యముగా నిలువదు. మూడవది, సడలింపు అవసరమైనచో నియమము చేసినవారే, బహిరంగముగా, గడువుతో సడలింపవలయును. అది మరల మరల కావలసివచ్చినచో నియమమునే తిరుగవ్రాయవలయును. నాలుగవది, తప్పు దిద్దుకొనుటకు వీలులేనిచోట దయాదాక్షిణ్యములు పనికిరావు.

ఈ పద్ధతిలో నష్టము లేదని చెప్పను. 2004 నుండి 2022 వరకు పదునెనిమిది సంవత్సరములు ఒక వాక్యమును గూర్చి వాదించుట చిన్నపని కాదు. ఆ వాదములలో విసిగి వెడలినవారు కలరు. ఆ కాలమున పనిచేయని కంప్యూటరుతో విసిగి వేరొకదానిని వెదకికొన్న వాడుకరులును కలరు. మాట ముందే మార్చుకొనియుండిన ఈ శ్రమ తప్పెడిదని అనవచ్చును. కాని సులభముగా మార్చుకొనదగిన మాటయైనచో దానిని నమ్మి పనిచేయ వచ్చువారు ఎవరు? జీతము లేని పనికి మాటయే జీతము. దానిని నిలుపుకొనుటకు పట్టిన కాలము వ్యర్థము కాదు. ఆ కాలమంతయు భారమును మోసినవాడు వాకిలి వెలుపల నిలిచిన క్రొత్తవాడు అనుటయు అసత్యము కాదు.

వ్యాకర్తలకును ఈ బాధ క్రొత్తది కాదు. ఒక రూపమును అసాధువని త్రోసినప్పుడు, దానిని పలుకు జనము ఎక్కడనో ఉన్నారు. దానిని అంగీకరించినప్పుడు, పూర్వరూపమును కష్టపడి నేర్చిన వాడును ఉన్నాడు. నిత్యము, వైకల్పికము, బహుళము అను మూడు మాటలు ఆ ఇరువురికిని చోటు చూపుటకై పుట్టినవి. నేడు సాఫ్ట్‌వేర్ నిర్మించువారు తమ అవసరమునుబట్టి తాముగా అట్టి మాటలనే కల్పించుకొనుట చూడగా, మన శాస్త్రము పరిశీలించినది సంధికార్యములను మాత్రమే కాదనియు, ఎవరి ఆజ్ఞకును లోబడని పదిమంది కలిసి ఒక్కటిగా నడచు విధమును కూడ ననియు స్పష్టమగుచున్నది.